విమానానికి ఏంటెన్నా బిగించడం

రెక్కలు, ఇంజన్లు, ధ్వనిని మించిన వేగాలు - విమానం అనగానే ఇలాంటి ఘనమైన విషయాల మీద వ్యాసాలు రాస్తారు. నేను ఎత్తుకున్న విషయం చాలా చిన్నది. విమానం వీపు మీదా, పొట్ట కిందా చేప మొప్పల్లా పొడుచుకొచ్చే ఏంటెన్నాలను మీరు చూసే ఉంటారు. వాటిని ఎలా బిగిస్తారన్నదే ఈ వ్యాసం. చిన్నదే గాని ప్రాణాల మీదికొచ్చే వ్యవహారమని నేను కాస్త సిగ్గుపడి మరీ తెలుసుకున్నాను.

కిందటి వేసవి సెలవుల్లో ఒక విమాన మరమ్మతు హేంగరులో ఆరు వారాల శిక్షణకి వెళ్ళాను. పాత విమానం నుంచి కోసి తీసిన అల్యూమినియం రేకు ముక్క నా ముందు పెట్టి, "దీనికో బ్లేడు ఏంటెన్నా బిగించు బాబూ, చూద్దాం" అన్నారు సూపర్‌వైజరు గారు. ముప్పై ఏళ్ళుగా రివెట్లు కొడుతున్న మనిషి. డాబా మీద డిష్షు బిగించడం చూసినవాణ్ణే గదా! నాలుగు స్క్రూలు, మధ్యలో తీగ దూరడానికొక రంధ్రం, రంధ్రం చుట్టూ బలానికొక పట్టీ, దానికి రివెట్లు. భోజనం వేళకే పూర్తి చేసేశాను. ఆయన స్టీలు స్కేలు పెట్టి కొలిచి, రేకు నా చేతికే తిరిగిచ్చి, "ఈ విమానం నువ్వెక్కుతావా?" అన్నారు.

ఎందుకెక్కకూడదో నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

ముందు గాలి సంగతి చూద్దాం. పుస్తకాలు చదివినవాడికి మొదట తట్టేది అదే. సముద్రమట్టం దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. అందులో సగాన్ని వేగం వర్గంతోనూ, ఏంటెన్నా ఎదురు వైశాల్యంతోనూ, ఆకారాన్ని బట్టి వచ్చే గుణకంతోనూ హెచ్చిస్తే గాలి దాన్ని వెనక్కి ఈడ్చే బలం వస్తుంది. వేగం సెకనుకి 100 మీటర్లు, వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు, గుణకం 1 అనుకోండి. 61 న్యూటన్లు, అంటే సుమారు 6 కిలోల బరువు. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలై 25 కిలోలవుతుంది. బ్లేడు ఏంటెన్నాని గాలికి ఒదిగేలా చెక్కుతారు గనక నిజానికి ఇంకా తక్కువే. అదురునూ, అప్పుడప్పుడూ పేరుకునే మంచునూ కలుపుకున్నా నాలుగు మంచి స్క్రూలకి ఇదొక బరువు కాదు.

అసలు బలం బయటి గాలిది కాదు, లోపలి గాలిది. ఎత్తున ఎగిరే విమానంలో మనుషులు ఊపిరి తీసుకోవాలి గనక లోపల గాలిని ఒత్తి నింపుతారు. ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణీకుల విమానం కామెట్‌లో ఈ ఒత్తిడి తేడా చదరపు అంగుళానికి 8.25 పౌన్లు. చదరపు సెంటీమీటరుకి 0.58 కిలో అన్నమాట. ఇందాకటి 100 చదరపు సెంటీమీటర్ల మీదే ఇప్పుడు 58 కిలోలు! పైగా విమానం ఎక్కినప్పుడల్లా ఈ బలం వస్తుంది, దిగినప్పుడల్లా పోతుంది. బుడగని ఊది, దించి, మళ్ళీ ఊదినట్లు వేలసార్లు.

కామెట్ దేహం సుమారు 3 మీటర్ల వ్యాసం, రేకు మందం ఎక్కువ భాగంలో 0.7 మిల్లీమీటరు. లోపలి చట్రాల సాయం పక్కన పెట్టి, మనం రెండో సంవత్సరంలో నేర్చుకున్న గొట్టం సూత్రంతో లెక్క కట్టండి. ఒత్తిడిని వ్యాసార్ధంతో హెచ్చించి మందంతో భాగిస్తే, రేకులో చదరపు మిల్లీమీటరుకి సుమారు 12 కిలోల లాగుడు. అదే రేకులో ఒక గుండ్రని రంధ్రం చేస్తే దాని అంచున లాగుడు రెండున్నర రెట్లవుతుంది. మూలలున్న రంధ్రమైతే ఇంకా పైకి పోతుంది. రంధ్రం అంటే లోహం లేని చోటు అనుకుంటాం గాని, ఆ చోటు మోయవలసిన బరువంతా దాని అంచుల నెత్తిన పడుతుంది సుమా!

1954 జనవరి 10న రోము నుంచి లండనుకి బయలుదేరిన కామెట్ ఎల్బా ద్వీపం దగ్గర గాలిలోనే ముక్కలై సముద్రంలో పడింది. అందులో ఉన్న 35 మందీ మరణించారు. ఏప్రిల్ 8న మరో కామెట్ నేపుల్స్ దక్షిణాన అలాగే పోయింది; 21 మంది. బ్రిటిష్ నౌకాదళం మొదటి విమానపు శకలాలను సముద్రపు అడుగు నుంచి తోడి తీసింది. ఫార్న్‌బరోలో సర్ ఆర్నాల్డ్ హాల్ నాయకత్వంలో శాస్త్రజ్ఞులు ఇంకొక కామెట్‌ని నీళ్ళ తొట్టిలో ముంచి, లోపల నీటి ఒత్తిడి పెంచుతూ, తగ్గిస్తూ పరీక్షించారు. అది అంతకుముందు చేసిన నిజమైన ప్రయాణాలూ తొట్టిలో చేసిన ఉత్తుత్తి ప్రయాణాలూ కలిపి 3057కి చేరేసరికి పగిలింది.

కామెట్‌ని చదరపు కిటికీలు ముంచాయని మన పాఠాల్లో చెప్పుకుంటాం. నేనూ పరీక్షలో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. కాని ఎల్బా దగ్గర పడిన విమానంలో పగులు మొదలైంది ప్రయాణీకులు బయటికి చూసే కిటికీ దగ్గర కాదు. దిక్కు కనిపెట్టే ఏ.డి.ఎఫ్. రేడియోకి తరంగాలు అందడం కోసం పైకప్పు రేకులో కోసిన ఏంటెన్నా కిటికీ మూల దగ్గర, ఒక బిగింపు రంధ్రం అంచున. ఆ పైకప్పు ముక్క లండనులోని సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఏంటెన్నా వైపు నా చూపే మారింది.

అయితే ఏంటెన్నా లేకుండా విమానం నడపలేం, రంధ్రం చేయకుండా తీగ లోపలికి రాదు. కనుక రంధ్రం చుట్టూ డబ్లరు వేస్తారు. చిరిగిన చొక్కాకి మాసిక వేయడం లాంటిదే ఇది. చట్రాలూ నిలువు పట్టీలూ చూసుకుని వాటి మధ్య చోటు ఎంచుకుని, రేకు ఏ మిశ్రలోహమో అదే లోహంతో, కనీసం అదే మందంతో పట్టీ కోసి, మూలలన్నీ గుండ్రంగా అరగదీసి రివెట్లు కొడతారు. మందం పెంచితే మరింత భద్రం గదా అని నేనడిగాను. "మీ అమ్మగార్నడుగు. పల్చటి చీరకి గోనెపట్టా మాసిక వేస్తే ఎక్కడ చిరుగుతుందో ఆవిడ చెబుతారు" అన్నారు సూపర్‌వైజరు గారు. మాసిక మధ్యలో కాదు, కుట్టు పక్కన చిరుగుతుంది. అతి మందపు డబ్లరు బలాన్నంతా తన మీదికి లాక్కుంటుంది. ఆ బలం రేకులోంచి డబ్లరులోకి ఎక్కేది ఎక్కువగా బయటి వరస రివెట్ల దగ్గర. పగులు అక్కడ పుడుతుంది. పైగా డబ్లరు బయటివైపు ఉంటే దాని కింద దాక్కుని కంటికి కనిపించదు. అందుకే పెద్ద డబ్లర్ల అంచులను మెట్లుగానో, వేళ్ళలాగానో మలుస్తారు, బరువు మెల్లగా ఎక్కేందుకు.

నేను చేసిన తప్పు కూడా ఇక్కడిదే. రివెట్టు కేంద్రం నుంచి రేకు అంచుకి కనీసం రెండు రివెట్టు వ్యాసాల దూరం ఉండాలి. నా రివెట్లు 3.2 మిల్లీమీటర్లవి, 6.4 ఉండవలసిన చోట నాలుగున్నర ఉంది. డ్రిల్లు పట్టేటప్పుడు జారింది, పట్టీ మూల దగ్గర రెండు రంధ్రాలు పక్కకి పోయాయి. ఎవరికి కనిపిస్తుందిలే అని రివెట్లు కొట్టేశాను. నిజం చెప్పాలంటే జారడం కన్నా ఈ "కనిపిస్తుందిలే" అన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇక విద్యుత్తు సంగతి. ఈ ఏంటెన్నాల్లో చాలా రకాలకి విమానం రేకే నేలగా పనిచేస్తుంది. ఏంటెన్నా అడుగుకీ రేకుకీ మధ్య రంగు ఉండిపోతే రేడియో చెవిటిదవుతుంది. అందుచేత అక్కడ రంగు గీకి, లోహాన్ని శుభ్రం చేసి, తుప్పు ఆపే రసాయనపు పూత పూసి బిగిస్తారు. ఆ అతుకు నిరోధం 2.5 మిల్లీఓములు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. గీకిన లోహానికి నీరు తగిలితే తినేస్తుంది గనక అంచు చుట్టూ సీలెంటు పట్టిస్తారు. అది లోపలి గాలిని కూడా పోనివ్వదు. పొట్ట కింది ఏంటెన్నాల పని మరీ చికాకు. నీరూ నూనే అన్నీ అక్కడికే కారతాయి.

ఏంటెన్నా పెద్దదయ్యేకొద్దీ గాలి లెక్క మళ్ళీ ముందుకొస్తుంది. అమెరికా వారి ఈ-3 విమానం వీపున తిరిగే రాడారు గొడుగు వ్యాసం 30 అడుగులు. రెండు కాళ్ళ మీద దేహానికి 11 అడుగుల పైన నిలబెట్టారు. అంత పెద్దదాని బరువు మోయడమే కాదు, దాని వెనక చెదిరిన గాలి తోకని తాకితే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. మన దేశంలో కూడా హెచ్.ఎస్.-748 విమానం మీద అలాంటి గొడుగు పెట్టి పరీక్షించారు. 1999 జనవరి 11న అరక్కోణం దగ్గర దిగబోతుండగా ఆ గొడుగు విడిపోయి తోకకి తగిలి విమానం కూలిపోయింది. శాస్త్రజ్ఞులూ వైమానిక దళం వారూ కలిసి 8 మంది పోయారు. ఆ పథకం ఆగిపోయింది. 2017లో మన వైమానిక దళంలో చేరిన నేత్ర విమానానికి తిరిగే గొడుగు లేదు. ఎంబ్రేయర్ విమానం వీపున దూలంలాంటి కదలని ఏంటెన్నా ఉంటుంది.

నా రేకు ముక్క సంగతి మిగిలింది. కొత్త ముక్క తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. గీతలు గీయడానికే ఒక పూట పట్టింది. రంధ్రాల అంచుల గరుకు తీసి, సీలెంటు ఆరాక నాలుగో రోజు చూపించాను. సూపర్‌వైజరు గారు స్కేలు పెట్టారు, మీటరు పెట్టారు, వేలితో అంచు తడిమారు. ఒక్క మాటా అనలేదు. హేంగరులో ఏ రంధ్రం ఎవరు చేశారో రాసే రిజిస్టరు ఒకటి ఉంటుంది. అది తెరిచి తేదీ, కొలతలు రాసి, పెన్ను నాకిచ్చి సంతకం పెట్టమన్నారు.