బిడ్డ తూకం – ఇంటి ఖర్చు

పాల కేంద్రంలో వెన్న అర శాతం తగ్గితే సభ్యులు ఊరుకోరు. మళ్ళీ పరీక్ష చేయమంటారు, పుస్తకంలో అంకె చూపమంటారు. అది సబబే. తనిఖీకి వెళ్ళినపుడు అదే ఇంటిలో పుట్టిన బిడ్డ తూకమెంతని మేము అడిగితే మాత్రం ‘బాగానే ఉన్నాడండీ’ అంటారు. అంకె చెప్పరు.

పుట్టినపుడు 2,500 గ్రాములకు లోపు తూగితే తక్కువ బరువు బిడ్డ అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తూకం నమోదైన బిడ్డలలో దాదాపు 18 శాతం ఇట్టివారే. తల్లుల మరణాలలో మన రెండు రాష్ట్రాలు మెరుగు. 2018–20లో లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు మరణించగా ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. కాని పై సర్వేలోనే రెండు రాష్ట్రాలలోను గర్భిణులలో సగానికి పైగా రక్తహీనత కనబడినది. బిడ్డ తూకం తగ్గడానికి అదొక ముఖ్య కారణం. చిన్న వయస్సు పెళ్ళి, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం మరి కొన్ని.

తేలిక బిడ్డ ఒంటిలో కొవ్వు తక్కువ గనుక వేడి నిలువదు, పాలు పీల్చే బలముండదు, జబ్బు త్వరగా అంటుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం ఉచితమే. అయినా తల్లి అక్కడ పది పదిహేను రోజులుంటే ఇంటి వద్ద పాలు పితికేదెవరు? చేయి మారితే గేదె చేపదు. దారి ఖర్చులకు, అప్పులకు పాడి గేదెనే అమ్మిన ఇళ్ళను మేమెరుగుదుము. ఆ బిడ్డకు పెద్దయిన తరువాత మధుమేహం, గుండెజబ్బు వచ్చే అవకాశం కూడ ఎక్కువే. ఈ పద్దు ఏ జమాఖర్చులోను కనబడదు.

చూడి గేదె ఈనడానికి రెండు నెలల ముందే పితకడం మాని, దాణా పెంచే సభ్యులే, ఇంట్లో గర్భిణికి చారన్నం పెట్టి పాలన్నీ కేంద్రానికి పోయడం మాకు మింగుడుపడని సంగతి. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంలో గర్భిణికి అంగన్‌వాడీలో భోజనం, గుడ్డుతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు నిర్ణయించారు. పాడి ఉన్న ఇంట ఆ గ్లాసెడు పాలు అట్టిపెట్టుకొంటే కొంప మునగదు.

అయితే ఒక జాగ్రత్త. ఇనుము మాత్రను పాలతో మింగరాదు. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి సరిగా పట్టనీయదు. టీ కూడ అంతే. మాత్రకు, పాలకు రెండు గంటల ఎడముండవలెను. నాల్గవ నెల నుండి 180 రోజులు మానకుండా మింగవలెను. మలం నల్లబడితే భయపడనక్కరలేదు.

తేలిక బిడ్డను తల్లి తన రొమ్ముకు ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు హత్తుకొని పైన గుడ్డ కప్పుకొనవలెను. ఆమె అలసినపుడు తండ్రి ఆ పని చేయవచ్చు, సిగ్గుపడనక్కరలేదు. ముర్రుపాలు పిండి పారబోయరాదు. దూడకైతే ఎవరూ చెప్పకుండానే త్రాగిస్తాము గదా! తల్లీబిడ్డల కార్డులో తూకం గడి ఖాళీగా ఉంటే, ఆసుపత్రి వదలకముందే నర్సమ్మనడిగి వ్రాయించుకొనవలెను.