అగ్గిపుల్లల సేన: క్రొత్త కొలతలో పాంచాలంకురిచి కోట

కోవిల్పట్టి నుండి తూర్పుగా ఎట్టయపురము చేరి, అచ్చటి నుండి దక్షిణముగా ఓట్టపిడారము పోయినచో, పాంచాలంకురిచి దానికి మిక్కిలి చేరువ. మన కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలోని తెలుగు పిల్లలలో ఆ పేరు వినని వారుండరు. వీరపాండ్య కట్టబొమ్మన కథను అవ్వల నోటనో, 1959లో వచ్చిన చలనచిత్రము ద్వారానో అందఱును ఎఱుగుదురు. కాని ఆ కోట ఎంత పొడవు, గోడ ఎంత ఎత్తు అని అడిగినచో చెప్పగలవారు అరుదు. అచ్చట నేడు కనబడునది 1974లో తమిళనాడు ప్రభుత్వము కట్టించిన స్మారకము. దానినే పాతకోట యని తలచు పిల్లలు మా తరగతిలోను కలరు.

ఆ కోటను బల్లమీద నిలిపి, 1799, 1801 సంవత్సరముల యుద్ధములను చిన్నబొమ్మలతో ఆడి చూచి, చరిత్రను, గణితమును ఒక్కచోట నేర్వవలెనని మేము సంకల్పించితిమి. ఈ యుద్ధక్రీడ పాశ్చాత్య దేశములలో క్రొత్తది కాదు. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను సేనాధికారి 1824లోనే పటముమీద ఆడు యుద్ధక్రీడకు నియమములు ప్రకటించెను. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో పిల్లల సీసపు సిపాయిలతో నేలమీద ఆడుటకు ఒక చిన్న పుస్తకము వ్రాసెను. మన దేశపు చతురంగము వీటికన్నిటికిని పెద్దమ్మ వంటిది. అయితే చతురంగమునకు కొలత అక్కఱలేదు. ఏనుగు ఎంత, గడి ఎంత అని ఎవరును అడుగరు. చరిత్రను ఆడువారికి మాత్రము మొదటి ప్రశ్న కొలతయే.

ఈ విషయమున మేము మొదట పొరబడితిమి. దసరా కొలువులోని బొమ్మలు ఇంటింట నుండుటచే వానినే సిపాయిలుగా నిలుపుదమనుకొంటిమి. కొలువుబొమ్మ ఎత్తు ఆఱు అంగుళములు. మనిషి ఎత్తు అయిదున్నర అడుగులు, అనగా 66 అంగుళములు. కనుక బొమ్మ మనిషిలో 11వ వంతు. ఇక కోట సంగతి. 1801 నాటి యుద్ధములో స్వయముగా పాల్గొని, 1830లో తన జ్ఞాపకములను గ్రంథముగా ప్రకటించిన జేమ్స్ వెల్ష్ అను సేనాధికారి ఆ కోటను వర్ణించి యున్నాడు. అది రెండు వైపుల సుమారు 500 అడుగులు, తక్కిన రెండు వైపుల సుమారు 300 అడుగులు గల మట్టికోట. గోడ ఎత్తు సుమారు 12 అడుగులు. బురుజులు చిన్నవి, చదరపువి. 500ను 11చే భాగింపుడు: 45 అడుగులకు పైబడును. 300ను భాగించిన 27 అడుగులు దాటును. ఇంత కోట మా తరగతి గదిలో పట్టదు. పట్టినను దానిని ముట్టడించు కంపెనీ సేన వరండాలో నిలువవలసినదే!

అప్పుడు చిన్న కొలతలను వరుసగా పరీక్షించితిమి. అంగడిలో దొరకు 54 మిల్లీమీటర్ల సిపాయి మనిషిలో 32వ వంతు. ఆ కొలతలో కోట పదునైదున్నర అడుగులు దాటును. 72వ వంతు కొలత లోకమంతటను వాడుకలో నున్నది. మధుర నాయకులు ఏర్పఱచిన పాళెములు కూడ డెబ్బదిరెండే గదా యని మా పిల్లలు ముచ్చటపడిరి, అది కాకతాళీయమే. ఆ కొలతలో కోట దాదాపు ఏడడుగుల పొడవు, నాలుగడుగులకు కొంచెము మించిన వెడల్పు. బల్లయంతయు కోటయే ఆక్రమించినచో శత్రువు నడచి వచ్చుటకు చోటేది? ఇది క్రొత్తవారు తఱచుగా మఱచు విషయము. కోటతోపాటు కోటముందరి బయలు కూడ బల్లపై నుండవలయును. ఆ కాలపు తుపాకి నమ్మకముగా తగులు దూరము సుమారు 100 గజములు. నాలుగు వైపుల అంత బయలైనను లేనియెడల అది యుద్ధము కాదు, కొలువే.

తుదకు 300వ వంతు కొలతను ఎన్నుకొంటిమి. దీనిలో గొప్ప సౌకర్యమొకటి కలదు. ఒక అంగుళము 300 అంగుళములకు, అనగా 25 అడుగులకు సమము. కోట 20 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు. తుపాకి దూరము సరిగా ఒక అడుగు. చుట్టును ఒక్కొక్క అడుగు విడిచినను ఉపాధ్యాయుని బల్ల చాలును. మీటర్లలో లెక్కింప గోరువారికి ఒక సెంటీమీటరు మూడు మీటర్లు. పాత గ్రంథములు అడుగులలోను, మన పాఠ్యపుస్తకములు మీటర్లలోను ఉండుటచే రెండును చేసి చూచుట మేలు. గణితమున మేము నిష్పత్తి అనునది ఇదియే. తమిళ తరగతిలో దీనినే వికిదము అందురు. ఇంటివద్ద ఈ రెండు మాటలును వినబడవు గనుక, తల్లిదండ్రులు బిడ్డ వ్రాసిన లెక్కను చూచి బెదరనక్కఱలేదు.

ఇక గోడ. 12 అడుగుల గోడ ఈ కొలతలో అర అంగుళమునకు రవంత తక్కువ. అర అంగుళపు అట్ట ఎక్కడ దొరకునని వెదకుచుండగా, మా విద్యార్థి యొకడు జేబులోని ఖాళీ అగ్గిపెట్టెను తీసి బల్లపై పెట్టెను. అగ్గిపెట్టెల ఊరివారమై యుండియు మాకు తోచలేదు! పుల్లను గీయు ప్రక్క అట్ట రమారమి రెండు అంగుళముల పొడవు, అర అంగుళము ఎత్తు. కోట చుట్టుకొలత 1600 అడుగులు, అనగా 64 అంగుళములు. కనుక 32 ముక్కలు కావలెను. పెట్టెకు రెండు ప్రక్కలు గనుక పదునాఱు ఖాళీ పెట్టెలు చాలును. వానిని కత్తిరించి, అంచుమీద నిలిపి జిగురుతో అతికించి, ఇరుప్రక్కల మట్టి పూయవలయును. అడుగున మందముగా, పైన పలుచగా ఉండునట్లు పూసిన సహజముగా నుండును.

మట్టి విషయమున ఒక హెచ్చరిక. మన కరిసల్ నేల నల్లమట్టి తడిసినప్పుడు ఉబ్బును, ఆరినప్పుడు బీటలు వాఱును. మా మొదటి గోడ మూడవనాటికే వేసవి చెఱువువలె పగిలినది. పిదప ఎఱ్ఱమట్టి, నానబెట్టి రుబ్బిన వార్తాపత్రికల గుజ్జు, కొంచెము గంజి కలిపి పూసితిమి, అది నిలిచినది. మధుర సమీపమున విళాచ్చేరిలో కొలువుబొమ్మలు చేయు కుమ్మరుల పనితనమును తలచినప్పుడు మా పూత చూచుటకు సిగ్గే, కాని కోటకు ఆ మోటుతనము తగియే యున్నది.

మట్టిగోడను తేలికగా చూడరాదు. ఫిరంగి గుండు రాతిగోడను పగులగొట్టును. జిగురుమట్టి గోడలో కూరుకొని పోవును. 1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ పెద్ద ఫిరంగులు లేకయే ఈ కోటపై దాడిచేసి ఓడిపోయెను. తరువాత కట్టబొమ్మన కోటను విడిచిపోయి, పుదుక్కోట సీమలో పట్టుబడి, అక్టోబరు 16న కయత్తాఱున ఉరితీయబడెను. కోటను నేలమట్టము చేసిరి. 1801 ఫిబ్రవరి 2న ఆయన తమ్ముడు ఊమైదొర పాళయంకోట చెఱసాలనుండి తప్పించుకొని వచ్చెను. కొలది దినములలో కంపెనీ సేనతో మేజర్ మెకాలే వచ్చి చూచునప్పటికి గోడలు మరల నిలిచియున్నవి! ఆ మార్చి 31న జరిగిన దాడియు విఫలమయ్యెను. పెద్ద ఫిరంగులతో కర్నల్ ఆగ్న్యూ వచ్చిన పిమ్మట మే 24న గాని కోట వారి వశము కాలేదు. మా పిల్లలు మొదటి ఆటలో రెండవ వంతుకే చిన్న ఫిరంగితో గోడ పడగొట్టిరి. నియమము తప్పని ఆ విధముగా తెలిసినది. ఇప్పుడు చిన్న ఫిరంగికి ద్వారమును కొట్టు హక్కే కాని గోడను కూల్చు శక్తి లేదు.

సిపాయిలకు మందు అంటించని అగ్గిపుల్లలనే వాడవలయును. మందుగల పుల్లలను కత్తిరించుట ప్రమాదము. ఈ కొలతలో మనిషి పావు అంగుళమునకు కొంచెము తక్కువ. పావు అంగుళపు తునకలు చేసి, ముప్పాతిక అంగుళపు అట్టముక్కపై ఆఱేసి చొప్పున అతికింపవలెను. ఆ ముక్క ఇరువదిమందికి ప్రతినిధి. ముప్పాతిక అంగుళమే ఏల? ఇరువదిమంది రెండు వరుసలుగా నిలిచిన, వరుసకు పదిమంది. ఒక్కొక్కనికి 22 అంగుళముల చోటు చొప్పున మొత్తము 220 అంగుళములు. దానిని 300చే భాగించిన ముప్పాతికకు మిక్కిలి దగ్గఱగా వచ్చును. ముఖములు, మీసములు చిత్రింప పూనుకొనవలదు, కంటికి కనబడవు. కంపెనీ సిపాయిలకు ఎఱుపు, పాళెమువారికి తెలుపు పూసిన చాలును. పాళెమువారి పొడవాటి ఈటెలకు కొబ్బరి చీపురు ఈనెను సన్నగా చీల్చి వాడితిమి.

నడకకు కూడ లెక్కయే ఆధారము. ఆనాటి ఆంగ్ల సైన్యపు సాధారణ నడక నిమిషమునకు 75 అంగలు. అంగకు 30 అంగుళములు. అనగా నిమిషమునకు 187½ అడుగులు. మన బల్లపై ఏడున్నర అంగుళములు. ఒక వంతు ఒక నిమిషమని ఏర్పఱచుకొన్నచో, తుపాకి దూరమైన పండ్రెండు అంగుళములను దాటుటకు రెండు వంతులు పూర్తిగా పట్టవు. నిమిషమునకు రెండు మూడు మాఱులకంటె తుపాకి నింపుట సాధ్యము కాదు. కనుక ఎదురుగా ఈ వేగముతో నడచి వచ్చు ఈటెవానిపై నాలుగైదు మాఱులకు మించి కాల్చుటకు సమయము లేదు. ఈటె పట్టినవారు తుపాకులను ఎట్లు ఎదిరించిరను ప్రశ్నకు పిల్లలు ఈ లెక్కలో జవాబు చూచిరి. దెబ్బ తగిలినదా లేదా అనుటకు ఆఱు గవ్వలు వేసి, వెల్లకిల పడినవానిని లెక్కింతుము. గవ్వలన్నియు ఒకేవిధముగా పడవు. ఒక్కొక్క గవ్వను నూఱు మాఱులు వేసి చూడుడని పై తరగతి వారికి పని ఇచ్చితిమి.

చిన్న కొలత ఎన్నుకొనుటచే పోగొట్టుకొన్నది ఒకటి కలదు. బల్ల సిద్ధమైన దినమున ఒక చిన్నబాలిక చాలసేపు వెదకి, "ఇందులో కట్టబొమ్మన ఏడండీ?" అని అడిగెను. అతడు పావు అంగుళపు పుల్ల. గుండుసూది తలకు పసుపురంగు వేసి గుర్తుగా గ్రుచ్చితిమి. ఆమెకు అది తృప్తి కలిగింపలేదు. పెద్ద బొమ్మలో వీరుడు కనబడును. ఈ కొలతలో అతనితో నిలిచిన పేరులేని వందలమంది కనబడుదురు. రెండును ఒకే బల్లపై సాధ్యము కాదు.

అంతకంటె కష్టమైన ప్రశ్న పిదప వచ్చినది. ఎట్టయపురము సేనను నడుపుటకు ఎవరును ముందుకు రాలేదు. ఎట్టప్పన్ అను పేరు తమిళమున ద్రోహికి మాఱుపేరై పోయినది గదా! ఒకడు వచ్చి, "మనవారు ఏ పక్షము?" అని అడిగెను. మేము దాచక చెప్పితిమి. కట్టబొమ్మన వంశమువారు తెలుగు మాటలాడు రాజకంబళమువారు. ఎట్టయపురపు పాళెగారును అట్టివారే. రెండు పాళెములకు సరిహద్దు తగవులు చిరకాలముగా ఉండెను. కంపెనీ వానిని తన పనికి వాడుకొన్నది. ఎఱ్ఱరంగు పూసిన పుల్లలలోను అత్యధికులు తమిళ, తెలుగు దేశములనుండి జీతమునకు చేరిన సిపాయిలే. ఎట్టయపురము వారిని బల్లనుండి తీసివేయుదమని కొందఱనిరి.

దీనికి మేము వారికి వాటర్లూ నమూనా కథ చెప్పితిమి. విలియం సైబర్న్ అను ఆంగ్ల సేనాధికారి 1815 నాటి వాటర్లూ యుద్ధభూమిలో నెలల తరబడి నివసించి కొలిచి, మైలుకు తొమ్మిది అడుగుల కొలతతో నమూనా చేసి 1838లో లండనులో ప్రదర్శించెను. అందులో బొమ్మలు డెబ్బదివేలకు పైబడినవి. యుద్ధమున పాల్గొన్న వారికి ఉత్తరములు వ్రాసి, ఎవరెవరు ఎచ్చట నిలిచిరో విచారించి, ప్రష్యా సేనలను కూడ వారు వచ్చినచోట పెద్దసంఖ్యలో నిలిపెను. అది ఆంగ్లేయుల విజయమును తగ్గించునని వెల్లింగ్టన్ ప్రభువు పక్షమువారికి రుచింపలేదు. చివరకు ఆ బొమ్మలు వేలకొలది తీసివేయబడినవి. నమూనా నేటికిని లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది. చూచువారు ఉన్న బొమ్మలనే చూతురు. తీసివేసినవారి చోటు గడ్డిగానే కనబడును.

ఎట్టయపురపు ముక్కలు బల్లపైననే యున్నవి. వానికి వేఱొక రంగు కావలెనని, మందపు నీలము పూసితిమి. ఎవరు నడుపవలెనో ప్రతి ఆటకు ముందు చీట్లు వేసి తేల్చెదము. మొదటి చీటి తగిలిన కుఱ్ఱవాడు ఎట్టయపురము వాడే. అతడు చీటిని మడిచి జేబులో పెట్టుకొని, ఏమియు అనక తన ముక్కలను బల్ల అంచున వరుసగా పేర్చెను. ఆ ఆటలో కోట పడలేదు.

అట్టలు, మట్టి, జిగురు కలిపి మాకు మొత్తము ఖర్చు మిక్కిలి స్వల్పము. ఇంటివద్ద ఖాళీ అగ్గిపెట్టెలున్న తల్లిదండ్రులు వానిని పాఱవేయక పిల్లలచే పంపింప ప్రార్థన. 1801 నాటి కోటకు బురుజులింకను మిగిలియున్నవి.