ఊళ్ళో నల్లపులి తిరుగుతోందట! నిజమెంత? మనం చేయవలసినదేమిటి?

రోగికి తోడుగా ఆస్పత్రిలో ఉన్నవారికి ఇంటి నుండి రకరకాల కబుర్లు వస్తుంటాయి. గేదె ఈనిందని, బోరు మోటారు కాలిపోయిందని, చిన్నవాడికి జ్వరమని. ఒక్కోసారి ఇంకో రకం కబురు వస్తుంది. "చెరువు గట్టున నల్లపులి కనబడిందట. ఎవరో ఫోటో కూడా పంపారు. పిల్లల్ని బడికి పంపమంటావా, మానిపించమంటావా?" మంచం మీద రోగి ఒక పక్క, ఊళ్ళో పిల్లలు మరో పక్క. అటువంటప్పుడు ఎంతవరకు భయపడాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నదే ఈ పాఠం.

ముందుగా ఒక మాట. చూశానన్న మనిషిని అబద్ధాలకోరని తీసిపారేయవద్దు. ఆయన ఏదో ఒకటి చూసే ఉంటాడు. అయితే మునిమాపు వేళ, పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేనప్పుడు, జంతువు ఎంత పెద్దదో కంటికి సరిగా అందదు. టార్చిలైటు వేస్తే పులి కళ్ళే కాదు, కుక్క కళ్ళు, పిల్లి కళ్ళు, ఆవు కళ్ళు కూడా మెరుస్తాయి. రెండో మనిషి చెప్పేసరికి అది దూడంత అవుతుంది. మూడో మనిషి దగ్గర దాని వెనక రెండు కూనలు కూడా చేరతాయి.

ఆ వింత జంతువు ఏమై ఉండవచ్చు?

నల్లపులి అనేది వేరే జాతి కాదు. అది చిరుతే. పుట్టుకతో వచ్చే ఒక మార్పు వలన దాని చర్మంలో నల్లరంగు ఎక్కువవుతుంది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూస్తే ఆ నలుపులోనే మచ్చలు కనబడతాయి. మచ్చలున్న తల్లిదండ్రులకు కూడా నల్లకూన పుట్టవచ్చు. తెల్లగా ఉన్న దంపతులకు నల్లని బిడ్డ పుడితే ఇరుగుపొరుగు చెవులు కొరుక్కోవడం ఎంత తెలివితక్కువో, ఇదీ అంతే. వానలు ఎక్కువగా పడే దట్టమైన అడవుల్లో, ఉదాహరణకు కర్ణాటకలోని కబిని ప్రాంతంలో, ఇటువంటివి కనబడతాయి. మన పొడి అడవుల్లో తిరిగే చిరుతలు దాదాపు అన్నీ మచ్చలవే.

పెద్దపులిలో కూడా ఇటువంటి వింతలున్నాయి. ఒడిశాలోని సిమిలిపాల్ అడవిలో నల్లచారలు బాగా వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోయిన పులులున్నాయి. ఒకే ఒక్క జన్యువులో మార్పు వలన అలా జరుగుతోందని 2021లో మన దేశ శాస్త్రవేత్తలే తేల్చారు. తెల్లపులి సంగతీ అంతే. 1951లో రీవా మహారాజు పట్టించిన మోహన్ అనే తెల్లపులి కూన సంతతే తర్వాత ఎన్నో జంతుప్రదర్శనశాలలకు చేరింది. రంగు మారినంత మాత్రాన పులికి కొత్త శక్తి రాదు, కొత్త క్రూరత్వమూ రాదు. నల్లపులి అంటే దయ్యమని, ఎవరో చేతబడి చేసి ఆ రూపంలో తిరుగుతున్నారని కొన్ని చోట్ల అంటారు. ఆ మాట చివరికి ఊరి చివర ఒంటరిగా ఉండే ఏ ముసలామె మీదికో పోతుంది. అటువంటి మాట ఎవరి నోట వచ్చినా పెద్దలు అక్కడే ఆపాలి. పులి చేసే హాని కన్నా ఈ హాని పెద్దది.

ఇక మన ఊళ్ళ దగ్గర పులిగా పొరబడేవి చాలా ఉన్నాయి. దుమ్ములగొండికి ముందు భాగం ఎత్తుగా, వెనక భాగం పల్లంగా ఉంటుంది. ఒంటి మీద చారలు, వీపు మీద నిక్కపొడుచుకున్న జూలు ఉంటాయి. చీకట్లో చూసినవాడు పెద్దపులి అనుకోవడంలో తప్పు లేదు. గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసే చోట మడ అడవుల్లో బావురుపిల్లి ఉంటుంది. చేపలు పట్టి తినే ఈ పిల్లి ఇంటిపిల్లికి రెండింతలుంటుంది, ఒంటినిండా మచ్చలు. దీన్ని చిరుతకూన అనుకుంటారు. అడవిపిల్లి, పునుగుపిల్లి ఉండనే ఉన్నాయి. పైగా మన మాటల్లోనే కొంత గందరగోళం ఉంది. శివంగి అనే మాటను కొందరు దుమ్ములగొండికి, కొందరు చిరుతకు, కొందరు ఆడసింహానికి వాడతారు. చీతా అన్నా చిరుత అన్నా ఒకటే అనుకునేవారూ ఉన్నారు. చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదిలారు. మన పొలాల్లో కనబడేది అది కాదు.

నేల మీది అడుగు చూస్తే చాలావరకు తెలుస్తుంది. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, కనుక అడుగులో గోటి గుర్తు పడదు. కుక్క, దుమ్ములగొండి అడుగుల్లో గోళ్ళు కనబడతాయి. అయితే బురదలో ఏ అడుగైనా విచ్చుకుని పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని అడుగు మీద ఒక బుట్టో తట్టో బోర్లించి, అటవీ శాఖ వారు వచ్చేదాకా తొక్కకుండా చూడండి. ఫోనుకు వచ్చిన ఫోటోను మాత్రం అంత సులభంగా నమ్మవద్దు. వేరే రాష్ట్రంలో ఎప్పుడో తీసినవి, కంప్యూటరులో తయారు చేసినవి కూడా మన ఊరి పేరుతో తిరుగుతుంటాయి. ఎవరు తీశారు, ఏ చెట్టు దగ్గర తీశారు అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

నిజంగా వచ్చినప్పుడు

అన్నీ పుకార్లే అనుకోవడమూ ప్రమాదమే. 2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతంలో ఒక పెద్దపులి వారాల తరబడి పల్లెల చుట్టూ తిరిగి పశువులను చంపింది. 2024లో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోకి చిరుత వచ్చి, కొన్ని రోజులకు బోనులో పడింది. 2023లో తిరుమల కాలినడక దారిలో జూన్ నెలలో ఒక చిన్న బాబును చిరుత ఎత్తుకుపోతే, జనం కేకలు వేయగా వదిలేసింది. బాబు బ్రతికాడు. ఆగస్టులో అదే దారిలో ఆరేళ్ళ పాప ప్రాణం పోయింది. కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో పత్తి ఏరుతున్న ఒక యువతి పెద్దపులి దాడిలో చనిపోయారు.

ఈ సంఘటనల్లో మనం గమనించవలసినది ఉంది. చిరుత తన ఎత్తున ఉన్నదాన్ని, గుంపు నుండి విడిపోయినదాన్ని ఎంచుకుంటుంది. అందుకే పిల్లలు ముందు పరుగెత్తకూడదు, వెనకబడకూడదు, పెద్దల మధ్యలో నడవాలి. వంగి పనిచేసే మనిషి పులికి నాలుగుకాళ్ళ జంతువులా కనబడతాడు. ఆసిఫాబాద్ ఘటన తర్వాత పత్తి ఏరేవారికి తల వెనక పెట్టుకునే ముఖం బొమ్మలను అటవీ శాఖ పంచింది కూడా. పొలంలో నలుగురు కలిసి పని చేయండి, ఒకరు నిలబడి చుట్టూ చూస్తుండాలి. తెల్లవారుజామున చెంబు పట్టుకుని పొదల్లోకి వెళ్ళే అలవాటు ఇప్పటికీ ఉన్నచోట, మరుగుదొడ్డి వాడకం ఆరోగ్యానికే కాదు, ప్రాణానికి కూడా రక్ష. కోళ్ళ వ్యర్థాలు, చచ్చిన పశువులు ఊరి పక్కన పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది.

ఎదురుపడితే పరుగెత్తవద్దు, వెన్ను చూపవద్దు, కూర్చోవద్దు. పిల్లవాడిని ఎత్తుకుని, గట్టిగా అరుస్తూ, మెల్లగా వెనక్కి నడవండి. చెరకు తోటలో కూనలు దొరికితే ముట్టుకోకుండా దూరంగా జరగండి. తల్లి మళ్ళీ వాటి కోసం వస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం జనం గుమిగూడడం. చిరుతకు పారిపోయే దారి మూసుకుపోతేనే అది మీద పడుతుంది. బైబిలులో దావీదు సింహాన్ని చంపలేదా అని మన యువకులు కొందరు కర్రలు పట్టుకుని బయలుదేరతారు. దావీదు వెళ్ళింది గొర్రెపిల్లను విడిపించడానికి, ఫోనులో వీడియో తీయడానికి కాదు.

గాయమైతే

ఇక్కడ మీరు జాగ్రత్తగా చదవాలి. ముందు రక్తం ఆపాలి. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి, చేత్తో గట్టిగా అదిమి ఉంచండి. మధ్యమధ్యలో తీసి చూడవద్దు. గుడ్డ తడిసిపోతే దానిపైనే ఇంకొకటి వేయండి. మెడ మీద గాయమైతే మనిషిని కదిలించకుండా పడుకోబెట్టి, తల అటూ ఇటూ తిరగకుండా ఇద్దరు పట్టుకోవాలి. వెంటనే 108కి ఫోను చేయండి. దారిలో కాఫీ, సోడా, కొబ్బరినీళ్ళు ఏవీ పట్టవద్దు. ఆపరేషను అవసరం కావచ్చు.

రక్తం ధారగా రాని గాయమైతే, సబ్బు వేసి పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని మరీ కడగండి, ఎందుకంటే కంగారులో రెండు నిమిషాలే పదిహేనులా తోస్తాయి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకుపసరు ఏవీ పెట్టవద్దు. అవి మురికిని లోపలే మూసేస్తాయి.

పిల్లిజాతి కోర సన్నగా, లోతుగా దిగుతుంది. పైకి చిన్న రంధ్రమే, రక్తం కూడా అంతగా రాదు. "ఇంతే కదా" అని ఇంట్లో ఉండిపోతారు. మరునాటికి చెయ్యంతా వాచి, ఎర్రబడి, చీము పడుతుంది. అడవిపిల్లి గీరినా సరే, ఆ రోజే ఆస్పత్రికి రావాలి. అది చిరుతా, బావురుపిల్లా, నల్లపులా అన్న వాదన తేలేదాకా ఆగవద్దు, చికిత్సకు ఆ సంగతి తేలనవసరం లేదు.

కారణం రేబీస్, అంటే పిచ్చికుక్క జబ్బు. పేరులో కుక్క ఉన్నా అది అడవి జంతువుల నుండి కూడా వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు. కనుక అడవి జంతువు చేసిన ఏ గాయాన్నయినా అత్యంత తీవ్రమైన తరగతిగానే డాక్టర్లు చూస్తారు. టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కిస్తారు. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోగా ఈ మందు కాపలా ఉంటుంది. దానితోపాటు ధనుర్వాతం సూది, చీము పట్టకుండా మాత్రలు ఇస్తారు. గాయానికి వెంటనే కుట్లు వేయలేదని కొందరు మా నర్సుల మీద కోపగిస్తారు. లోపలి మురికి పోకుండా, ఇమ్యునోగ్లోబులిన్ వేయకుండా కుట్టేస్తే కీడు జరుగుతుంది. అందుకే ఆగుతారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలపు మాట. ఆ మందు వాడటం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు సూదులు. చర్మంలో వేసే పద్ధతి అయితే 0, 3, 7, 28 రోజుల్లో రావాలి. మొదటి సూది వేసిన రోజునే సున్నా రోజుగా లెక్కించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు. పత్యం ఏమీ లేదు. ఆలస్యమైందని మానేయవద్దు, తెలిసిన రోజునే రండి.

మూడో సూది అయ్యేసరికి గాయం మానిపోతుంది, పత్తి పనులు పిలుస్తుంటాయి, బస్సు చార్జీ బరువనిపిస్తుంది. చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆ తేదీలను కేలండరులో గుండ్రంగా చుట్టి పెట్టండి. ఆస్పత్రి చీటీని పారేయవద్దు. అడవి జంతువు వలన గాయపడినవారికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, దానికి డాక్టరు రాసిన కాగితాలు అవసరం. దాడి జరిగిన సంగతి అటవీ శాఖ రేంజి ఆఫీసులో వెంటనే తెలియజేయండి. పశువు చనిపోయినా వారు వచ్చి చూసేదాకా కళేబరాన్ని కదపవద్దు, కోపంతో దానికి విషం పూయవద్దు. దరఖాస్తుకు జిరాక్సు ఇచ్చి, అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. 28వ రోజు సూదికి వచ్చేటప్పుడు అవే తేవాలి.