“జనులు” అను సాకు

(1 సమూయేలు 15వ అధ్యాయము చదువుడి)



రాత్రియంతయు మొఱపెట్టిన సమూయేలు, వేకువనే లేచి సౌలును కలిసికొనుటకు బయలుదేరెను. సౌలైతే కర్మెలులో తనకొక జ్ఞాపకస్తంభము నిలుపుకొని, గిల్గాలుకు దిగి, ఆజ్ఞ నెరవేర్చితినని దీవెన పలుకుచు నెదురుపడెను. అంతలో గొఱ్ఱెల అరపు వినబడినది. ఆ యాజ్ఞ మనకు కఠినముగా తోచును. దానిని వేరొక మాసమున ధ్యానింతము. ఇప్పుడు సౌలు జవాబును మాత్రము చూతము.

15వ వచనమును మెల్లగా చదువుడి. మంచి పశువులను ఉంచుకొనినది ఎవరు? జనులు. తక్కినవాటిని నిర్మూలము చేసినది ఎవరు? మేము. 9వ వచనమో, సౌలును జనులును కలిసియే వాటిని ఉంచుకొనిరని చెప్పుచున్నది. పైగా అవి బలికొఱకట! జనులకు భయపడితినను అసలు కారణము 24వ వచనమునకు గాని బయటపడలేదు.

సౌలు పూర్తిగా బొంకెనని చెప్పలేము. జనులు ఆ పశువులను కోరియుందురు. మన సాకులలోను కొంత నిజముండును. కనుకనే అవి మనలను సుళువుగా మోసపుచ్చును. నాట్ల కాలమున ఆదివారము పొలమునకు పోయి, “కోతపండుగకు ఇంకొక బస్తా ఇత్తములే” అందుము. కట్నము పుచ్చుకొని, “మేమడుగలేదు, పెద్దలు మాటలాడిరి, వారే ముట్టజెప్పిరి” అందుము. 1961వ సంవత్సరపు చట్టము ఇచ్చుటను పుచ్చుకొనుటను గూడ నేరమనుచున్నది. అది మన యిండ్లలో ఎవరికి తెలియదు?

ఇతరులను అననేల? కొన్ని యేండ్ల క్రిందట ఒక వివాహము జరిపించితిమి. పిల్ల తండ్రి ఎకరము పొలము తాకట్టుపెట్టి కట్నము తెచ్చెనని మాకు తెలియును. మూడు ఆదివారములు ప్రకటన చదివితిమి గాని నోరు మెదపలేదు. పెద్దలు నిశ్చయించిన దానిలో కాపరికేమి పని అనుకొంటిమి. వరుని తండ్రి ఆ సొమ్ములోనుండియే గుడి రేకులకు కానుక ఇయ్యగా, ప్రార్థనచేసి అందుకొంటిమి. వాన కురిసినప్పుడెల్ల ఆ రేకుల మ్రోతలో మాకు గిల్గాలు గొఱ్ఱెలే వినబడుచున్నవి.

దావీదు పాపము సౌలు పాపము కంటె చిన్నదా? ఊరియా చనిపోయినప్పుడు ఆయనయు మొదట ఖడ్గము మీదనే నెపము వేసెను (2 సమూయేలు 11:25). నాతాను వచ్చిన దినమున మాత్రము ఒక్క మాటలో ఒప్పుకొనెను. పని జరిగించిన యోవాబు పేరైనను ఎత్తలేదు.

ఆ పిల్ల తండ్రి నేటికిని వడ్డీ కట్టుచున్నాడు. ఈ నెల సంఘపెద్దల కూడికలో ముందు మా తప్పు చెప్పి, తరువాత ఆ తాకట్టు సంగతి ఎత్తదలచితిమి.