పక్క రాజ్యానికి సైన్యం పంపితే బిల్లు ఎవరు కడతారు? బొల్లారం చెప్పే పాఠం

కన్జర్వేటివ్ అనగానే మనకి గుర్తొచ్చేది పెద్ద సైన్యం, గట్టి మాటలు. కానీ ఆ రాజకీయాల్లోనే ఇంకో పాత పాయ ఉంది. వేరే దేశం లోపలి విషయాల్లో సైన్యంతో వేలు పెట్టొద్దు అంటుంది. దీన్నే నాన్-ఇంటర్వెన్షనిజం, తెలుగులో జోక్యరహిత విధానం అంటాం. ఇది శాంతివాదం కాదు. మన మీదికి వస్తే పోరాడాలి, వ్యాపారం అందరితో చేయాలి, కానీ ఇతర దేశాల్ని సరిదిద్దే పని మనది కాదు అనడం.

వాదం ఏంటి?

మొదటిది ఖర్చు. యుద్ధం అంటే అప్పు, పన్నులు, పెరిగిపోయే ప్రభుత్వం. చిన్న ప్రభుత్వం కావాలనేవాళ్లే బయట యుద్ధాలు కోరితే ఆ రెండూ పొసగవు. రెండోది అవగాహన. ఒక సమాజం పద్ధతులు తరతరాలుగా ఏర్పడతాయి. సొంత దేశంలోనే హడావుడి మార్పులు వద్దనేవాళ్లు, భాష కూడా తెలియని దేశాన్ని మార్చగలమని ఎలా నమ్ముతారు?

అమెరికాలో శాశ్వత పొత్తులు వద్దని జార్జ్ వాషింగ్టన్ 1796లోనే హెచ్చరించాడు. రిపబ్లికన్ సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ 1949లో నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేశాడు. 2002లో ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని రాన్ పాల్ వ్యతిరేకించాడు.

మన పక్కనే ఉన్న కేసు

ఇదంతా అమెరికా గొడవ అనిపించొచ్చు. కానీ అల్వాల్ పక్కనున్న బొల్లారం ఒకప్పుడు హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యానికి హెడ్‌క్వార్టర్స్. ఆ సైన్యం కథ చూద్దాం.

1784లో బ్రిటిష్ పార్లమెంట్ చేసిన పిట్ ఇండియా చట్టంలోనే, భారతదేశంలో యుద్ధాలతో రాజ్యం పెంచుకోవడం తమ విధానానికి విరుద్ధమని రాసుంది. అంటే జోక్యం వద్దని చట్టమే చెప్పింది. అయినా 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో ఓడి భయంలో ఉన్న నిజాం, 1798లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. రక్షణ కంపెనీది, ఖర్చు నిజాంది. 1800లో ఆ ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు కంపెనీకి వెళ్లిపోయాయి. అవే దత్త మండలాలు. 1928లో వాటికి రాయలసీమ అనే పేరొచ్చింది.

తర్వాత బ్రిటిష్ అధికారుల కింద కంటింజెంట్ తయారైంది. దాని ఖర్చు ఏడాదికి సుమారు 40 లక్షల రూపాయలు. యుద్ధం లేకపోయినా సైన్యం అలాగే ఉంది, బకాయిలు పెరిగాయి. 1853లో ఆ లెక్క కింద పత్తి పండే బీరార్, రాయచూర్ దోఆబ్, ధారాశివ్ జిల్లాల్ని నిజాం అప్పగించాడు. 1860లో మిగతావి తిరిగొచ్చాయి గానీ బీరార్ రాలేదు. 1902లో దాన్ని శాశ్వత లీజుకి ఇచ్చేశారు.

ఇక్కడ ఒకటి గమనించాలి. మరాఠా యుద్ధాలతో కంపెనీ అప్పు పెరిగినప్పుడు లండన్ డైరెక్టర్లే కోప్పడ్డారు. 1805లో వెల్లెస్లీ వెళ్లిపోవాల్సి వచ్చింది. అంటే సొంత జేబు ఖాళీ అయితే బ్రేక్ పడుతుంది. బొల్లారం బిల్లు మాత్రం హైదరాబాద్ ఖజానా కట్టింది కాబట్టి దశాబ్దాల పాటు బ్రేకే పడలేదు. కన్జర్వేటివ్ వాదంలో బలహీనత ఇదే. ఖర్చు ఒక్కటే కారణంగా చూపిస్తే, ఖర్చు ఎదుటివాడి మీద తోసేసిన రోజు ఆ వాదం కూలిపోతుంది. అందుకే రెండో కారణం కూడా గట్టిగా పట్టుకోవాలి. కంటింజెంట్ హైదరాబాద్‌కి రక్షణ ఇచ్చిందేమో గానీ, సొంత సైన్యం మీద, సొంత ఖజానా మీద పట్టు మాత్రం తీసేసుకుంది.

మరి ఎప్పుడూ వద్దా?

అలా అనడం కష్టం. 1971లో దాదాపు కోటి మంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు, డిసెంబర్ 3న పాకిస్తాన్ మన ఎయిర్‌బేస్‌ల మీద దాడి చేసింది. అప్పుడు ఊరుకోవడం కుదరదు. పైగా మన సైన్యం 1972 మార్చిలోనే బంగ్లాదేశ్ నుంచి తిరిగొచ్చేసింది. 1987లో శ్రీలంకకి శాంతి కోసం పంపిన సైన్యం మాత్రం ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకుంది. 1990లో వెనక్కి వచ్చేసరికి వెయ్యిమందికి పైగా సైనికుల్ని కోల్పోయాం.

కాబట్టి ఎవరైనా ఫలానా దేశానికి సైన్యం పంపాల్సిందే అంటే, వాళ్లు ఏ పార్టీ అయినా, రెండు ప్రశ్నలు అడుగుదాం. ఖర్చు ఎవరు కడతారు? తిరిగి ఎప్పుడొస్తారు? 1798 ఒప్పందంలో మొదటిదానికి జవాబు నిజాం. రెండోదానికి జవాబే లేదు.