పద్యపాదము – బిట్ల ఫ్రేము

తెలుగు బోధించు మాకు యంత్రముల వార్తాప్రసారముతో పనియేమని విద్యార్థులు అడుగవచ్చును. పని కలదనియే మా మనవి.

తాళపత్రములందు పద్యములు పదముల నడుమ ఎడము లేక, పాదములు విడదీయక వ్రాయబడి యుండును. అట్టి వ్రాతలో "ఆకలవరమే" అని యున్నదనుకొందము. "ఆ కలవరమే" అని చదివినవానికి బెంగ. "ఆ కల వరమే" అని చదివినవానికి సంతోషము. అక్షరములు మారలేదు, విరుపు మారినది.

ఒకే తీగపై బిట్లను ఒకదాని వెనుక ఒకటిగా పంపు సీరియల్ మార్గమునందును ఇదియే చిక్కు. చేరునవి సున్నలు, ఒకట్లు మాత్రమే. ఏ బిట్టుతో అక్షరము మొదలగునో తెలియనిచో, అన్నియు సరిగా చేరియు వార్త చెడును. రెండేండ్ల కొకసారి లక్షలాది జనులు కూడు మన మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లవాని ఆచూకి అట్లు చెడినచో ఆ తల్లి గతి యేమి?

ఊరి పేరునే పంపి చూతము. యూనికోడ్ పద్ధతిలో "మేడారం" అనుటకు మ, ఏత్వము, డ, దీర్ఘము, ర, సున్న అను 6 సంకేతములు. యు.టి.ఎఫ్.–8 రూపమున ఒక్కొక్కటి 3 బైట్లు. వెరసి 18 బైట్లు. ప్రతి బైటునందలి 8 బిట్లకు ముందు 0 అను ఆరంభ బిట్టును, వెనుక 1 అను విరామ బిట్టును చేర్చుదురు. మొత్తము 180 బిట్లు. సెకనుకు 9600 బిట్ల వేగమున ఇవి 18.75 మిల్లీసెకనులలో చేరును.

ఊరకున్న తీగ 1 స్థితిలో నుండును. అది 0కు దిగగానే స్వీకరించు యంత్రము కాలమును లెక్కింప మొదలిడి, ప్రతి బిట్టును దాని నడిమిభాగమున చూచును. విరామ బిట్టు నడిమికి తొమ్మిదిన్నర బిట్ల కాలము పట్టును. అప్పటికి ఇరుప్రక్కల గడియారముల తేడా అరబిట్టు మించరాదు. అనగా సుమారు 5 శాతము. ప్రతి బైటునకు లెక్క క్రొత్తగా మొదలగుటచే పొరపాటు పేరుకొనదు.

అయితే పది బిట్లలో రెండు కావలికే పోవుచున్నవి. టెలిఫోను కేంద్రముల నడుమ వాడిన 30 వాగ్మార్గముల పద్ధతిలో ఈ వ్యయము తగ్గును. అందు ఫ్రేము 256 బిట్లు. సెకనుకు 8000 ఫ్రేములు. ఫ్రేము విడిచి ఫ్రేమున 0011011 అను గుర్తు వచ్చును.

ఇచ్చట మన ఛందస్సు జ్ఞప్తికి వచ్చును. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. ప్రతిపాదమున రెండవ అక్షరము ప్రాస. ఒక హల్లు ఒకసారి కనబడినంతనే అది ప్రాసయని నమ్మరాదు. 20 అక్షరముల తరువాత మరల వచ్చినపుడే పాదము తెలియును. యంత్రమును అట్లే, వార్తలో యాదృచ్ఛికముగా 0011011 దొరకినను నమ్మదు. తరువాతి ఫ్రేములో ఆ స్థానమున రెండవ బిట్టు 1గా నుండవలెను. ఆపై ఫ్రేములో గుర్తు మరల రావలెను. అప్పుడే పొందిక కుదిరినదని ఎంచును. వరుసగా మూడుమార్లు గుర్తు తప్పినచో మరల వెదుక నారంభించును.

ఈ సంచికయందే తెలుగు పుటలు ఎడమనుండియు, ఉర్దూ పుటలు కుడినుండియు మొదలగును. ఈ ఒడంబడిక నెరుగక కుడినుండి తెలుగు చదువబూనిన వానికి అచ్చులో ఏ తప్పును లేకున్నను అర్థము కాదు. పంపువాడు, పుచ్చుకొనువాడు ముందుగా ఆరంభము నెరుగవలెను. సాహిత్య విద్యార్థియు, విజ్ఞానశాస్త్ర విద్యార్థియు ఈ పాఠమును కలిసి చదువుకొనవచ్చునని మా ఆశ.