చిన్న మొక్కల అక్వేరియంలో కాంతి యాజమాన్యం – నాచు సమస్యపై సేద్యశాస్త్ర దృష్టి

వరి మడిలో కలుపుగా పీకి గట్టు మీద పారవేసే రొటాలా, అమ్మానియా, లిమ్నోఫిలా, మార్సిలియా మొక్కలనే అక్వేరియం దుకాణాలు చిన్న కుండీలలో నాటి అమ్ముతున్నాయి. నీటిలోనూ, తడి నేలలోనూ బతకగల ఈ మొక్కల స్వభావం సేద్యశాస్త్ర విద్యార్థికి కొత్తది కాదు. ఆ మాటకొస్తే మొక్కల అక్వేరియం కూడా కొత్తది కాదు. గాజు గోడల మధ్య నీరు నిలిపిన చిన్న మాగాణి మడిగా దానిని భావించవచ్చు. మడిలో కలుపు అనిపించుకున్న మొక్క ఇక్కడ పంట అవుతుంది, కలుపు స్థానాన్ని నాచు ఆక్రమిస్తుంది.

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక మేఖలను ఆనుకొని ఉన్న సుల్తాన్‌పూర్‌లో 2017లో వైద్య పరికరాల పార్కుకు పునాది పడింది. ఒకప్పటి సేద్యపు గ్రామాల చుట్టూ కర్మాగారాలు, కార్యాలయాలు, బహుళ అంతస్తుల నివాసాలు వెలుస్తున్న ప్రాంతమిది. హైదరాబాదు కేంద్రంగా 2006లో ఏర్పడిన జాతీయ మత్స్య అభివృద్ధి మండలి అలంకార చేపల పెంపకాన్ని ప్రోత్సహిస్తున్నది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలోనూ దానికి చోటు ఉన్నది. కనుక ఇటువంటి ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలకు గాజు తొట్టెను గురించిన ప్రశ్నలు ఎదురుకావడం సహజం. వాటిలో తరచు వినవచ్చేది "నాచుకు ఏ మందు వేయాలి?" అనే ప్రశ్న. మందు పేరు చెప్పే ముందు తొట్టె మీద ఎంత కాంతి పడుతున్నదో, ఎన్ని గంటలు పడుతున్నదో అడగవలసి ఉంటుంది. అందుకు గల కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నాచు రకాలు

తెలుగులో నాచు అనే మాటను హైడ్రిల్లా వంటి పుష్పించే మొక్కకూ, శైవలాలకూ కూడా వాడుతున్నారు. ఈ వ్యాసంలో నాచు అంటే శైవలాలు మాత్రమే. కొత్త తొట్టెలో రెండు మూడు వారాలకు గాజు మీద గోధుమ రంగు పొడిలా కనిపించేది డయాటమ్ జాతి. దానిని వేలితో తుడిస్తే పోతుంది, చాలావరకు తనంతట తానే తగ్గిపోతుంది. నీరంతా పచ్చగా మారితే అది నీటిలో తేలియాడే ఏకకణ నాచు. కొత్త తొట్టెలో అమోనియా మిగిలి, దానికి ఎండ తోడైనప్పుడు ఇది విజృంభిస్తుంది. ఆకుల మీద పచ్చని దారాలుగా పెరిగే పీచు నాచు అధిక కాంతికి గుర్తు. నల్లని కుచ్చులుగా ఆకుల అంచులకు అంటుకునేది ఎర్ర నాచు తెగకు చెందినది, దానిని వదిలించడం మిగిలిన వాటికంటే కష్టం.

నీలి ఆకుపచ్చ నాచు సంగతి వేరు. 1939లో పి.కె. దే వరి పొలాల నత్రజని స్థిరీకరణలో దాని పాత్రను చూపిన నాటి నుంచి సేద్య శాస్త్రవేత్తలు దానిని జీవన ఎరువుగా ఆదరిస్తున్నారు. అక్వేరియంలో మాత్రం దాని బంధుజాతులు జిగట పొరలా ఇసుకను, మొక్కలను కప్పివేస్తాయి, దుర్వాసన వేస్తాయి. నిజానికి ఇది నాచు కాదు, బాక్టీరియా. మందుల ప్రస్తావనలో ఈ భేదం ముఖ్యమవుతుంది.

భాస్వరాన్ని తగ్గిస్తే చాలదా?

చెరువులలో నాచు ఉధృతికి భాస్వరమే ప్రధాన కారణమని విద్యార్థులు చదువుకుంటారు. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక సరస్సును తెరతో రెండుగా విడదీసి, ఒక భాగంలో కర్బనం, నత్రజని మాత్రమే, రెండవ భాగంలో వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం కలిపిన భాగమే నాచుతో నిండిపోయింది. సరస్సుల సంరక్షణలో ఈ ప్రయోగానికి గొప్ప స్థానం ఉన్నది. అయితే ఆ పాఠాన్ని యథాతథంగా అక్వేరియానికి అన్వయించడం పొరపాటు. ఒక చిన్న లెక్కతో ఇది తేలుతుంది.

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు ఉన్న తొట్టెలో ఇసుక, రాళ్లు పోను సుమారు 45 లీటర్ల నీరు నిలుస్తుంది. అందులోని పది చిన్న చేపలకు రోజుకు 0.3 గ్రాముల మేత వేస్తున్నారనుకుందాం. మేతలో భాస్వరం 1 శాతం ఉంటే రోజుకు 3 మిల్లీగ్రాములు, వారానికి 21 మిల్లీగ్రాములు తొట్టెలోకి చేరుతుంది. అందులో సగం చేపల శరీరంలో నిలిచినా, మిగిలిన సగం లీటరుకు 0.23 మిల్లీగ్రాముల గాఢత నిస్తుంది. సరస్సులలో మొత్తం భాస్వరం లీటరుకు 0.03 మిల్లీగ్రాముల స్థాయికి చేరితేనే అవి నాచుకు అనువైనవిగా మారుతున్నట్లు పరిగణిస్తారు. అంటే చేపలున్న తొట్టెలో ఒక్క వారంలోనే దానికి ఏడెనిమిది రెట్లు సమకూరుతున్నది. చేపలను పస్తులుంచితే తప్ప భాస్వరం కొరతతో నాచును అదుపు చేయడం సాధ్యం కాదు. పైగా ఆ కొరత మొదట దెబ్బ తీసేది నాటిన మొక్కలనే. భాస్వరాన్ని పీల్చే రసాయనాలు కొని తొట్టెలో వేసేవారు ఈ లెక్కను ఒకసారి వేసుకోవడం మంచిది.

పోషకాలను కొరత స్థాయికి దింపలేనప్పుడు, పెంపకందారు చేతిలో ఉన్న నియంత్రణలలో బలమైనది కాంతి.

కాంతి లెక్క

దీపం మీద రాసిన వాట్లు విద్యుత్ వినియోగాన్ని తెలుపుతాయి, మొక్కకు అందే కాంతిని కాదు. మొక్కకు సంబంధించిన కొలత, చదరపు మీటరుపై సెకనుకు పడే కిరణజన్య సంయోగక్రియకు ఉపయోగపడే కాంతి కణాల సంఖ్య. దీనిని మైక్రోమోల్‌లలో చెబుతారు. ఆ పరికరం అందుబాటులో లేనివారు లక్స్ మీటరుతో కొలిచి, తెల్లని ఎల్‌ఈడీ దీపానికి సుమారు 70తో, సూర్యకాంతికి 54తో భాగిస్తే స్థూలమైన అంచనా వస్తుంది. అదనపు కార్బన్ డయాక్సైడ్ ఇవ్వని తొట్టెలో అడుగున 20 నుంచి 40 మైక్రోమోల్‌లు చాలు. పైన చెప్పిన కొలతల తొట్టెకు మామూలు ఎల్‌ఈడీ దీపం 8 నుంచి 10 వాట్లు ఉంటే ఈ స్థాయి అందుతుంది. అదే తొట్టె మీద 30 వాట్ల దీపం బిగిస్తే కాంతి దాదాపు మూడు రెట్లవుతుంది, మొక్కల కర్బన సరఫరా మాత్రం అణువంత కూడా పెరగదు.

కిటికీ ఎండను చాలామంది లెక్కలోకి తీసుకోరు. 35 మైక్రోమోల్‌ల దీపం 8 గంటలు వెలిగితే రోజు మొత్తానికి చదరపు మీటరుకు సుమారు 1 మోల్ కాంతి చేరుతుంది. కిటికీ అద్దం దాటి వచ్చే నేరుటెండ 1000 మైక్రోమోల్‌లు అనుకుంటే, ఒక్క గంటలో 3.6 మోల్‌లు చేరుతుంది. అంటే దీపం రోజంతా ఇచ్చినదానికి మూడున్నర రెట్లు.

సుల్తాన్‌పూర్ ఉన్న సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఇది రుతువును బట్టి మారుతుంది. మే రెండో వారంలోనూ, ఆగస్టు మొదట్లోనూ మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఈ రెండు తేదీల నడుమ కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. ఆ కాలంలో దక్షిణపు కిటికీ నుంచి ఎండ గదిలోకి రాదు. డిసెంబరు మూడో వారానికి మధ్యాహ్న సూర్యుని ఎత్తు 49 డిగ్రీలకు పడిపోతుంది. కిటికీ పై అంచు నేల నుంచి 2 మీటర్లు, బల్ల ఎత్తు 75 సెం.మీ. అయితే, బల్ల మట్టాన ఎండ సుమారు 1.1 మీటరు లోపలి వరకు చేరుతుంది. వేసవిలో నిర్మలంగా ఉన్న తొట్టె సంక్రాంతి నాటికి పచ్చబడిందంటే, మేతను, నీటిని అనుమానించే ముందు ఆ గదిలో మధ్యాహ్నం పన్నెండు గంటలకు నీడ ఎక్కడ పడుతున్నదో చూడాలి. పడమటి కిటికీకి ఈ రుతుభేదం వర్తించదు, అక్కడ సాయంకాలపు ఎండ ఏడాది పొడవునా సమస్యే.

కర్బనం – కఠిన జలం

గాలితో సమతుల్యంలో ఉన్న నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరుకు 0.6 మిల్లీగ్రాములు మాత్రమే. గాలిలో కంటే నీటిలో అది సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. గ్రానైట్ నేలల బోరు నీరు సాధారణంగా కఠినంగా, క్షార గుణంతో ఉంటుంది. ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు నీటిలోని అకర్బన కర్బనంలో దాదాపు 18 శాతం కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉండగా, 8 వద్ద అది 2 శాతానికి దిగిపోతుంది, మిగిలినది ప్రధానంగా బైకార్బొనేటు. చాలా రకాల నాచు బైకార్బొనేటును వాడుకోగలదు. నీటి పాచి మొక్కల వంటివి వాడుకోలేవు. హైడ్రిల్లా, వాలిస్నేరియా వాడుకోగలవు. కార్బన్ డయాక్సైడ్ కొరతలో హైడ్రిల్లా, మొక్కజొన్న తరహా నాలుగు కర్బనాల మార్గానికి మారుతుందని కూడా రుజువైంది. కాబట్టి బోరు నీటి తొట్టెకు ఖరీదైన ఎర్ర ఆకుల మొక్కల కంటే మన చెరువుల మొక్కలే నమ్మదగినవి. దుకాణదారుకు ఈ సలహా రుచించకపోవచ్చు.

కాంతి పెరిగి కర్బనం పెరగనప్పుడు మొక్క ఎదుగుదల ఆగిపోతుంది, మిగిలిన కాంతి నాచు పాలవుతుంది. కనిష్ఠ పోషక సూత్రం ఇక్కడ అక్షరాలా పనిచేస్తున్నది.

మాగాణిలో తెలిసిన మరొక విషయం ఇక్కడ ఉపయోగపడుతుంది. వరి మడిలో నిలిచిన నీటిలో నాచు దట్టమైతే మధ్యాహ్నానికి నీటి ఉదజని సూచిక 9 దాటవచ్చు, అప్పుడు చల్లిన యూరియాలోని నత్రజని అమోనియాగా గాలిలో కలిసిపోతుంది. అక్వేరియంలోనూ ఇదే జరుగుతుంది, నష్టం మాత్రం చేపలది. 25 డిగ్రీల వద్ద, ఉదజని సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో విషపూరిత రూపం 1 శాతానికి లోపే ఉంటుంది, 9 వద్ద మూడో వంతు దాటుతుంది. పచ్చబడిన తొట్టెలో మధ్యాహ్నం వేళ చేపలు చనిపోవడానికి ఇది ఒక కారణం.

వరి పైరు కమ్ముకున్న తరువాత మడిలోని నాచు నీడకు తగ్గిపోతుంది. నాటిన తొలి వారాలలోనే, పైరు పలుచగా ఉండి, భాస్వరపు ఎరువు పైపాటుగా పడినప్పుడు నాచు తెట్టెలు కడుతుంది. అక్వేరియంలో రెండు మూడు కొమ్మలు నాటి, అవి పెరిగే వరకు పూర్తి కాంతి ఇవ్వడం అటువంటి తొలి వారాలను నెలల తరబడి పొడిగించడమే. మొదటి రోజే అడుగు విస్తీర్ణంలో మూడింట రెండు వంతులు త్వరగా పెరిగే మొక్కలతో నింపాలి. తేలియాడే మొక్కలు నీడనిస్తూ, కర్బనాన్ని నేరుగా గాలి నుంచి తీసుకుంటాయి. అందులో అంతర తామర నీటిలోని నత్రజనిని, భాస్వరాన్ని రెంటినీ లాగుతుంది. అజొల్లాకు నత్రజని దాని ఆకులలోని అనబీనా నుంచి అందుతుంది కనుక అది నీటి నుంచి ప్రధానంగా భాస్వరాన్నే తగ్గిస్తుంది.

మందులు – ఈ ప్రాంతపు ప్రత్యేక బాధ్యత

మైలుతుత్తం నాచును చంపుతుంది, రొయ్యలను, నత్తలను కూడా చంపుతుంది. కఠిన జలంలో దాని రాగి అవక్షేపమై అడుగున మిగిలిపోతుంది. ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లుతూ ప్రాణవాయువును హరిస్తుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకోగల నీరు 32 డిగ్రీల వద్ద 7.3 మిల్లీగ్రాములే ఇముడ్చుకోగలదు. కాబట్టి వేసవిలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ.

నీలి ఆకుపచ్చ నాచు బాక్టీరియా కావడం చేత కొందరు ఎరిత్రోమైసిన్ మాత్రలు పొడి చేసి వేస్తారు. అది పనిచేస్తుంది కూడా. అయినా పటాన్‌చెరు పరిసరాలలో ఈ సలహా ఇవ్వకూడదు. ఈ ప్రాంతంలోని సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాన్ని స్వీకరించే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అనంతరం వెలువడిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు లార్సన్, ద పెద్రో, పాక్సియస్ 2007లో ప్రచురించారు. యాంటీబయాటిక్ నిరోధకతను గురించి ప్రపంచమంతటా చర్చించే శాస్త్రవేత్తలు పటాన్‌చెరు పేరును ఎత్తుతున్నది ఇందుకే. పరిశ్రమల వ్యర్థంతో పోలిస్తే ఒక తొట్టె నీరు లెక్కలోకి రాదనే వాదన ఉంది. కాని ఇంటి తొట్టెలో చేపలు, బాక్టీరియా, మనుషుల చేతులు రోజూ కలుస్తాయి. మూడు రోజుల చీకటితో, చేతితో తీసివేయడంతో సాధ్యమయ్యే పనికి యాంటీబయాటిక్ వాడటం సమర్థనీయం కాదు. ఇదే కారణంగా నక్కవాగు వంటి కాలుష్యానికి గురైన వాగుల ఇసుకను, మట్టిని తెచ్చి తొట్టెలో పరచడం కూడా మానాలి.

ఆచరణ

నాచు పట్టిన తొట్టెలో మొదట నేరుటెండను తెరతో ఆపి, దీపానికి టైమరు బిగించి రోజుకు 6 గంటలకు తగ్గించాలి. చేతితో తీయగలిగిన నాచును తీసి, నాచు పట్టిన ముదురు ఆకులను కత్తిరించాలి. వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు మార్చాలి. కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించిన తరువాతే పోయాలి. నీరు పచ్చబడితే, లేక జిగట పొర పట్టితే, తొట్టెను మూడు రోజులు మందపాటి గుడ్డతో పూర్తిగా కప్పి, గాలి పంపు నడుపుతూ ఉంచి, ఆ తరువాత సగం నీరు మార్చాలి. ఒక మార్పు చేసిన తరువాత మూడు వారాలు ఆగి చూడాలి. దీపం, మేత, ఎరువు మూడింటినీ ఒకేసారి మార్చినవారికి ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. ప్రయోగ మడులు వేసిన విద్యార్థులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. కొత్త ఆకులు శుభ్రంగా వస్తుంటే కాంతిని వారానికి అరగంట చొప్పున 8 గంటల వరకు పెంచవచ్చు.

నాచు తింటుందని అమ్మే సక్కర్ చేప అరచేతిలో ఇమిడే పిల్లగా ఇంటికి వస్తుంది, పెద్దదైతే 40 సెం.మీ. దాటుతుంది. 45 లీటర్ల తొట్టెలో దానికి చోటు లేదు. అప్పుడు దానిని సమీపపు చెరువులో వదలడం పరిపాటి అయింది. సుల్తాన్‌పూర్‌కు చేరువలోనే ఉన్న అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించబడింది. ఈ చేప గట్లలో బొరియలు చేస్తుంది, స్థానిక చేపల ఆహారాన్ని, గుడ్లను తినివేస్తుంది, ఒకసారి స్థిరపడితే నిర్మూలించడం దాదాపు అసాధ్యం. చిన్న తొట్టెలో గాజు మీది నాచుకు నత్తలు చాలు. కత్తిరించిన మొక్కలను, తీసిన నాచును కాలువలో వేయకుండా ఎండలో పూర్తిగా ఆరబెట్టి కంపోస్టు గుంతలో కలపాలి. మందులు వాడని తొట్టె నుంచి తీసిన పాత నీటిని, అందులో నైట్రేటు ఉన్నది గనుక, కరివేపాకు కుండీకి పోయవచ్చు.